ఈ కార్తీకానికి మా గానుగ నువ్వుల నూనె లేదు

ముందుగా అసలు సంగతి. మా దగ్గర కొన్న నువ్వుల నూనె సీసా మీద ఆగస్టు 11 నుంచి 20 లోపు తేదీ ఉంటే ఆ నూనె వాడొద్దు. చేదుగా ఉంది. తప్పు నాదే.

సంక్రాంతి వెళ్లాక చల్లే మా నువ్వు చేను ఏప్రిల్ చివర కోతకొస్తుంది. ఈసారి కోసి, కట్టలు కట్టి, ఎండకు నిలబెట్టిన నాలుగో రాత్రి వాన పడింది. కోసిన నువ్వుకు వాన తగిలితే ఇంకేముంది, నోరు తెరిచిన కాయల్లోంచి గింజ నేలపాలవుతుంది, మిగిలింది నల్లబడి బూజు పడుతుంది. 9 క్వింటాళ్లు వస్తాయనుకుంటే చేతికొచ్చింది రెండున్నర. జూలైకల్లా ఆ నూనె అయిపోయింది.

నాయన గానుగ పెట్టినప్పటి నుంచి మేం బయటి గింజ ఆడలేదు. మీరు ఫోన్ చేస్తుంటే లేదని చెప్పలేక నేను ఆడాను. ఒక వ్యాపారి తెచ్చిన శాంపిల్ నమిలి చూస్తే కమ్మగానే ఉంది. 5 క్వింటాళ్లు తెప్పించాను. ఇనప గొట్టం గుచ్చి పై వరస బస్తాలే చూశాను. కింది వాటిలో పాత గింజ కలిపాడు. బెల్లం వేసి తిప్పుతుంటే గానుగ దగ్గర వచ్చే కమ్మటి వాసన మీలో చాలామందికి తెలుసు. ఆ రోజు ఆ వాసన సరిగ్గా రాలేదు. ఎండలో పెట్టి మడ్డి దిగితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. అక్కడే ఆపాల్సింది.

కావలి నుంచి ఒక అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, కారప్పొడిలో వేసుకుంటే ముద్ద చేదెక్కింది" అంది. సీసా విప్పి వేలితో నాలుక మీద పెట్టుకున్నా. ముందు ఏమీ తెలియలేదు. గొంతులోకి దిగాక చేదు, వెనకే మక్కు వాసన.

వ్యాపారిని అడిగితే, "పుట్టినప్పటి నుంచి గానుగలో ఉన్నోడివి, గింజ చూసుకోవద్దా?" అన్నాడు. డబ్బు వెనక్కివ్వలేదు. డబ్బు సంగతి వదిలేశాను కానీ ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది, అందులో సగం నిజం కాబట్టి.

అమ్ముడుపోకుండా 140 లీటర్లు మిగిలింది. దీపారాధన నూనెగా అమ్మేయమని తెలిసినవాళ్లంతా చెప్పారు. కార్తీకం వస్తోంది, దీపానికి చేదు తెలుస్తుందా అన్నారు. అది నువ్వుల నూనే కదా, అబద్ధం కూడా కాదు. నిజం చెప్తున్నా, లేబుల్ కూడా రాయించాను. మూడు రాత్రులు నిద్ర లేదు. పిల్లల ఫీజులు అటు, గానుగ పేరు ఇటు.

నాలుగో రోజు అమ్మ వచ్చి క్యాన్ల దగ్గర కూర్చుంది. "కొత్త నూనె దిగితే మొదటి గరిటె దీపానికి, రెండోది మన పప్పులోకి. నలభై ఏళ్లుగా ఒకే గిన్నెలోంచి తీస్తున్నా. ఇప్పుడు రెండు గిన్నెలు పెట్టమంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. లేబుళ్లు పొయ్యిలో పెట్టాను. సంగతి చెప్పి మరీ ఆ నూనెను సబ్బులు చేసేవాళ్లకు వచ్చిన ధరకే ఇచ్చేశాను.

వేరుశనగ నూనె మామూలుగానే దొరుకుతుంది, ధర పెంచలేదు. అది వేరే గింజ, వేరే గానుగ.

నువ్వుల నూనె మాత్రం మా చేను పండితేనే. బయటి గింజ ఇక ఆడను, ఎవరు ఎంత బతిమాలినా సరే. వానకు తడవని కట్టల నుంచి ఏరిన గౌరి రకం నువ్వు విత్తనం మూడెకరాలకు సరిపడా దాచాను. ఈసారి కోతకు ముందే టార్పాలిన్లు తెచ్చి పెడతాను. పంట నిలబడితే ఆవకాయ వేళకు నూనె ఇస్తాను. నిలబడకపోతే లేదని ముందే చెప్తాను.

ఆగస్టు సీసాలు తీసుకురండి. వాడేసి ఖాళీ చేసినా పర్లేదు, పూర్తి డబ్బు ఇస్తాను. వింజమూరు దాకా రాలేనివాళ్లు సీసా మీద తేదీ ఫోటో తీసి పంపితే చాలు.