గ్రామసభలో మామ్మ లేచి నిలబడిన రోజు

5 సెప్టెంబరు 2024

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరం జూన్‌లోనే అందింది. జవాబు ఇప్పుడు రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. వరద, ఊడ్పులు, మళ్ళీ ఊడ్పులు, మధ్యలో పంచాయతీ పనులు. కాగితం తీసి కూర్చుంటే చాలు, గుమ్మంలో ఎవరో ఒకరు. ఈ రాత్రి మాత్రం ఎవరు పిలిచినా లేవను. మా బావమరిది చవితి కూడా చేసుకోకుండా రేపు తెల్లవారుజామున మస్కట్‌కు బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం, మీ అమ్మ పెట్టిన మాగాయ, ఆత్రేయపురం పూతరేకులు వాడి చేతికే ఇస్తున్నాను. పూతరేకులు నీవి, మాగాయ అందరిదీ. నువ్వు తిరగేసి చెబుతావని మీ అమ్మ మరీ మరీ రాయమంది.

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను. మీ అమ్మ కులాసా, కంటి ఆపరేషన్ బాగా జరిగింది, సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. మా పెద్దవాడు పాలిటెక్నిక్‌లో చేరాడు. కొబ్బరికాయ ధర కొంచెం లేచింది. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది కదా, మా పిన్ని వాళ్ళు మేడ మీద తలదాచుకున్నారు, క్షేమం. ఆరో నంబరు పడవ మనిషి కనబడినప్పుడల్లా "మీ బుజ్జిగారి కళ్ళజోడు దొరికిందా?" అని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?

సరే, ఇప్పుడు అసలు సంగతి. రెండు వారాలుగా ఇది నీకు చెప్పాలని మనసు ఆగడం లేదు.

ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. పేపర్లో చూసే ఉంటావు. ఉపాధి హామీ కింద ఊళ్ళో ఏ పనులు చేయాలో అందరి ముందూ చదివి తీర్మానం చేయాలి. మన ఊళ్ళో రామాలయం పక్క షెడ్డులో పెట్టాము. జాబితా అప్పటికే రాసి ఉంది: సిమెంటు రోడ్లు, కాలువల పూడికతీత, పశువుల షెడ్లు, కొబ్బరి మొక్కలు. వార్డు మెంబరుగా నాకూ ఒక ప్రతి ఇచ్చారు. పైనుంచి కిందికి చదివాను. అయిదేళ్ళ లోపు పిల్లవాడికి పనికొచ్చేది అందులో ఒక్కటీ లేదు.

ఈసారి ఆడవాళ్ళు చాలామంది వచ్చారు, అదే విశేషం. జూలై వరదకు ఆకుమళ్ళు మునిగి కుళ్ళిపోయాయి కదా, మళ్ళీ నారు పోసి ఊడ్చేసరికి ఆగస్టు చివరికి వచ్చింది. వాళ్ళంతా చేలోంచి నేరుగా సభకు వచ్చారు. మోకాళ్ళ దాకా బురద ఇంకా ఆరలేదు, చేతి వేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వెనక వరసలో మన బెల్లం మామ్మ కూర్చుంది. నీకు గుర్తే కదా, బెల్లం ముక్క పెట్టకుండా ఎవరినీ గుమ్మం దాటనిచ్చేది కాదు. ఇప్పుడు డెబ్భై దాటిపోయింది. ఒళ్ళో ఒక పిల్ల, పక్కన ఇద్దరు.

రోడ్ల దగ్గరే గొడవ మొదలైంది. మా వీధికి ముందంటే మా వీధికి ముందని. కార్యదర్శి అరుపుల్లోనే రాసుకుంటూ పోతున్నాడు. అప్పుడు మామ్మ లేచింది. మైకు అడగలేదు, అవసరమూ రాలేదు.

"బాబూ, మా కోడళ్ళు ఆరింటికల్లా చేలో ఉండాలి. అంగన్‌వాడీ తొమ్మిదింటికి గాని తెరవరు. అప్పటిదాకా వీధిలోని పిల్లలందరూ నా దగ్గరే. మూడేళ్ళు నిండనివాళ్ళయితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా దగ్గరే. ఇంటి వెనకే కాలువ." ఇంత చెప్పి, పక్కనున్న పిల్లవాడి చొక్కా పైకెత్తి చూపించింది. వాడి మొలతాడుకు మామ్మ చీర కొంగు ముడివేసి ఉంది. "వీడొక్కడినే కట్టుకోగలను. మిగతావాళ్ళని ఎవరికి కట్టమంటారు?"

బుజ్జీ, ఆ ముడి నా కళ్ళ ముందు నుంచి ఇంకా పోలేదు. రెండు పేటలుగా గట్టిగా వేసిన ముడి. రోజూ వేసి విప్పడంతో కొంగు అంచు అక్కడ నూలు తేలిపోయింది. మన చిన్నప్పుడు ఆ కాలువలో ఏం జరిగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది ఇక్కడ రాయలేను.

మామ్మ కూర్చున్నాక ఒకాయన, పేరెందుకులే, "అంగన్‌వాడీ మనది కాదు, దాన్ని నడిపే ఐసీడీఎస్ పథకం వాళ్ళది, వాళ్ళనే అడగాలి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, దానితో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు రాశారు, అందులో స్త్రీ శిశు అభివృద్ధి ఒకటి, ప్రాథమిక విద్య ఇంకొకటి అని చెప్పాను. టీచరమ్మ జీతం, గుడ్డూ పాలూ వాళ్ళ శాఖ చూసుకుంటుంది, నిజమే. కానీ స్థలం ఎక్కడ, నీళ్ళు ఎలా, మరుగుదొడ్డి ఉందా, పిల్లలు ఏ దారిన రావాలి, ఇవి ఊరు కాక ఎవరు ఆలోచిస్తారు?

నీ రూములోని మలయాళీ చెప్పాడని నువ్వు రాశావు చూడు, కేరళలో అంగన్‌వాడీలను పంచాయతీలకే అప్పగించారని, 1996లో ప్రజాప్రణాళిక మొదలైనప్పటి నుంచి ఊరి ప్రణాళికలోనే వాటికి డబ్బు పెట్టుకుంటున్నారని. ఆ మాటా చెప్పాను. "మస్కట్ నుంచి బుజ్జి రాశాడు" అన్నాను కూడా. సభలో నీ పేరు మోగింది.

డబ్బు సంగతి కూడా వినాలి నువ్వు. ఇప్పుడు మన అంగన్‌వాడీ అద్దె గదిలో ఉంది, కొట్ల వీధిలో. వంటా అక్కడే, పాటలూ అక్కడే. కుక్కరు కూత వేస్తే పిల్లలు చెవులు మూసుకుంటారు. మరుగుదొడ్డి లేదు. సొంత భవనానికి 12 లక్షల పద్దు ఉంది: ఉపాధి హామీ నుంచి 8 లక్షలు, పదిహేనో ఆర్థిక సంఘం నిధుల నుంచి 2, శిశు సంక్షేమ శాఖ నుంచి 2. అంటే మూడింట రెండు వంతులు, ఆ రోజు మేము కూర్చుని పంచుకుంటున్న ఆ ఉపాధి డబ్బే! ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం నీళ్ళకు, పారిశుద్ధ్యానికే వాడాలనే నియమం ఉంది. ఆ నియమంతో మన చేతులు కట్టేశారని పంచాయతీలో ఎప్పుడూ అంటూ ఉంటారు. పిల్లల కుళాయి, పిల్లల మరుగుదొడ్డి ఆ 60 శాతంలోనే పెట్టుకోవచ్చు కదా అన్నాను. కార్యదర్శి రాయడం ఆపి తలెత్తాడు. కుర్రవాడు, మంచివాడు. "పెట్టుకోవచ్చండి" అన్నాడు.

ఇక ఎక్కడ కట్టాలి? బడి మాస్టారు ఆరేళ్ళ లోపే మెదడు 85 శాతానికి పైగా ఎదుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాసిన మాట చెప్పి, బడిలో గది ఖాళీగా ఉంది, అక్కడ పెట్టుకోండి అన్నారు. రెండేళ్ళ క్రితం మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూలుకు పంపేశారు కదా, గది ఖాళీ మాట నిజమే. ఖర్చు లేదు, రేపే మొదలుపెట్టవచ్చు. సగం మంది చప్పట్లు కూడా కొట్టారు.

కానీ బడి కాలువకు అవతల ఉంది, ఆ వంతెనకు పిట్టగోడ లేదు. పైగా పల్లం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చిన వరద గుర్తుంది కదా, అప్పటి బురద చారిక బడి గోడ మీద ఇప్పటికీ కనిపిస్తుంది. సభకు ముందు రోజే మా చిన్నదాన్ని తీసుకెళ్ళి ఆ గోడ పక్కన నిలబెట్టి చూశాను. దానికి నాలుగేళ్ళు. చారిక దాని తల మీద ఇంకా జానెడు పైన ఉంది. సభలో చేయి పెట్టి ఆ ఎత్తు చూపించాను. ఇంకెవరూ బడి మాట ఎత్తలేదు. పెద్ద పిల్లలకు పనికొచ్చే చోటు చిన్నవాళ్ళకు పనికిరావాలని లేదు. లంకల ఊళ్ళలో ఏది కట్టాలన్నా మొదట చూడవలసింది ఎత్తు, ఆ తర్వాతే ఖర్చు.

అప్పుడు మామ్మే మళ్ళీ అంది, "బందెలదొడ్డి ఉందిగా" అని.

ఆ మాట వినగానే నువ్వు నా పక్కన ఉంటే బాగుండుననిపించింది! గేదెతో సహా మనల్ని లోపల పెట్టి తాళం వేసిన ఆ సాయంత్రం... ఆ గేదె ఎవరిదో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఒట్టు. చేలో పడ్డ పశువులను పట్టి కట్టేసే ఆ దొడ్డి పంచాయతీ స్థలమే. ఏటిగట్టును ఆనుకుని ఎత్తుగా ఉంది, 2022లో అక్కడికి నీరు ఎక్కలేదు. మామ్మ వాళ్ళ వీధి నుంచి పిల్లలు కాలువ దాటకుండానే నడిచి రావచ్చు. పాతికేళ్ళుగా అందులోకి ఒక్క పశువును తోలింది లేదు.

తీర్మానం అయిపోయింది రా. చేతులెత్తమంటే బురద చేతులన్నీ లేచాయి. రోడ్డు కోసం అరిచిన పైవీధి వాళ్ళూ ఎత్తారు, దొడ్డికి వెళ్ళే సందుకే మొదట సిమెంటు వేయాలని ఒప్పుకున్నాక. అది న్యాయమైన మాటే, వర్షాకాలంలో పిల్లలు బురదలో ఎలా వస్తారు?

భవనం ఒక్కటే సరిపోదు, ఇది నాకు దిగులుగా ఉంది. మూడేళ్ళు నిండని పిల్లల మాటేమిటి? ఉపాధి పని జరిగేచోట అయిదుగురు పసివాళ్ళు ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక కూలీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని చట్టంలో ఉంది. కానీ ఊడ్పులు రైతు పని, ఆ చట్టం చేలోకి రాదు. ఆడవాళ్ళకు ఎక్కువ పని దొరికేదీ, పిల్లలు ఎక్కువగా ఒంటరిగా ఉండేదీ ఆ చేల కాలంలోనే. 'పాల్నా' అనే పథకం ఒకటి ఉంది, అంగన్‌వాడీతో పాటే క్రెష్, అంటే తల్లులు పనికి వెళ్ళినప్పుడు పసివాళ్ళను చూసుకునే చోటు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు, పాతిక మంది వరకు, చూసుకోవడానికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. రోజుకు ఏడున్నర గంటలు. దానికి ప్రతిపాదన పంపాలని తీర్మానంలో రాయించాను, ఊడ్పుల కాలంలో, కోతల కాలంలో ఆరింటికే తెరవాలని కూడా రాయించాను. పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో. ఒప్పుకోకపోతే... సరే, అది అప్పుడు చూసుకుందాం.

అక్టోబరు 2 నుంచి వచ్చే ఏడాది పంచాయతీ ప్రణాళిక సభలు మొదలవుతాయి. తొమ్మిది అంశాల్లో ఒకటి తీసుకోమంటారు, ఏటా నీళ్ళే రాస్తున్నాము. ఈసారి పిల్లల ఊరు అన్న అంశమే తీసుకోవాలని పట్టుబడతాను. ఐసీడీఎస్ మొదలైందీ అక్టోబరు 2నే, 1975లో. వచ్చే ఏడాదికి యాభై ఏళ్ళు. యాభై ఏళ్ళ తర్వాత కూడా మన మామ్మ కొంగుకు పిల్లవాడిని కట్టుకోవడం ఏమిటి రా! తలుచుకుంటేనే బాధ వేస్తోంది.

ఇప్పుడు నీ పని. దొడ్డిలో కొబ్బరి డొక్కలు రాశి పోసుకున్నది ఎవరో తెలుసా? మీ చిన్న బాబాయి. పీచు మిల్లువాడు తీసుకెళ్ళేదాకా కదపను అంటున్నాడు, నేనడిగితే "చూద్దాంలే" అన్నాడు. ఆయన "చూద్దాంలే" అంటే ఏమిటో నీకు చెప్పనక్కరలేదు. ఆయనతో గట్టిగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు, చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది ఆయనే. నీ మాటయితే వింటాడు. ఇంజినీరింగ్ అసిస్టెంటు వచ్చే వారం కొలతలకు వస్తానన్నాడు, ఆలోగా ఒక్క ఫోను చెయ్యి. మామ్మ పేరు చెప్పు, ముడి సంగతి చెప్పు.

ఇంకొకటి, ఆ మలయాళీని అడిగి రాయి, వాళ్ళ ఊళ్ళో పొద్దున ఎన్నింటికి తెరుస్తారు, సహాయకురాలికి అదనపు గంటల డబ్బు పంచాయతీ ఇస్తుందా, ఇస్తే ఏ పద్దు కింద ఇస్తుందో. సభలో నన్ను తప్పకుండా అడుగుతారు.

మా బావమరిది లేచి పెట్టె కడుతున్నాడు, ఉత్తరం ఇమ్మని తొందర పెడుతున్నాడు. మీ చెల్లి బదిలీ గురించి రాయనే లేదు, అది పెద్ద

సరే, వాడు లాక్కుంటున్నాడు. బాబాయికి ఫోను మరిచిపోకు.

నీ
సూరి