బోన్సాయ్ సంఘం వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు.

చెట్లను పళ్లెంలో పొట్టిగా పెంచే బోన్సాయ్ కళ గురించి, సంఘం ఆశయాల గురించి మీకు తెలిసిందే కనుక నేరుగా పనుల విషయానికి వస్తాను. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది తొలకరిలో కొత్తవారికి చవక మొక్కల మీద ఇచ్చిన శిక్షణ. బోన్సాయ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది చలి ప్రాంతపు చెట్టు జునిపర్. “జునిపర్ లేని బోన్సాయ్ ఏమిటి?” అని కార్యవర్గంలోనే కొందరు పెదవి విరిచారు. డబ్బు పోసి కొన్న జునిపర్లు రాజమహేంద్రవరం ఎండలకు ఏమవుతాయో వారికీ తెలుసు. అందుకే కడియం నర్సరీల నుంచి కంచెలకు నాటే డురాంటా, కాగితం పూల మొక్కలు తెప్పించాం. పాత గోడల పగుళ్లలో మొలిచిన రావి, జువ్వి మొక్కలను సభ్యులే తీసుకొచ్చారు. మందపాటి ఆకుల జేడ్ మొక్క కొమ్మలు ఇళ్లనుంచి వచ్చాయి. కోసిన కొమ్మను కొన్నాళ్లు నీడన ఆరనిచ్చి నాటమని ఎంత చెప్పినా వినకుండా కుళ్లబెట్టుకున్నవారూ ఉన్నారు.

చవక మొక్క మీదైతే కత్తెర పట్టిన చేయి వణకదు. కత్తిరించిన కొద్ది వారాలకే చిగుళ్లు వస్తాయి. కోత ఎక్కడ పెడితే కొమ్మ ఎటు తిరుగుతుందో ఆ వానాకాలంలోనే తెలిసిపోతుంది. కొమ్మను కావలసినట్టు వంచి నిలిపేందుకు అల్యూమినియం తీగ చుట్టడమూ వీటి మీదే నేర్పాం. వానల్లో కొమ్మలు త్వరగా లావెక్కుతాయి కనుక, తీగ విప్పడం మరిచినవారి మొక్కల బెరడు మీద గాట్లు పడ్డాయి. పదిసార్లు చెప్పినదాని కన్నా ఆ గాట్లే బాగా నేర్పాయి. అందరికీ తొందర మాత్రం మొక్కను లోతు లేని బోన్సాయ్ పళ్లెంలోకి మార్చడం మీదే! కాండం లావు కావాలంటే ముందు పెద్ద కుండీలోనో నేలలోనో స్వేచ్ఛగా ఎదగనివ్వాలని మరోసారి మనవి.

కుండీ మట్టిలో కలపడానికి ఇటుక ముక్కలు కొట్టి జల్లెడ పట్టిన మహిళా సభ్యులకు, మొక్కలను తన ఆటోలో చేర్చి కిరాయి పుచ్చుకోని సోదరుడికి, శిక్షణ రోజు పులిహోర పంపిన కుటుంబానికి, హాలు ఇచ్చిన కల్యాణ మండపం యాజమాన్యానికి కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. కొందరి చందాలు బకాయి ఉన్నాయి, పేర్లు చదవను.

పార్కులో ఒక మూల నీడ వల వేసుకోవడానికి అనుమతి కోరుతూ ఇచ్చిన అర్జీ ఇంకా బల్లలు మారుతూనే ఉంది. వెళ్లినప్పుడల్లా సంబంధిత అధికారి “మీటింగులో” ఉంటున్నారు. ఆయన సంగతి సరే, మన సంగతేమిటి? మే నెలలో సంఘం మొక్కలకు నీళ్లు పోసే వంతుల జాబితా నిండా పేర్లే. లోతు లేని పళ్లేలకు ఎండాకాలం రెండు పూటలా నీళ్లు కావాలి. పోసింది మాత్రం వాచ్‌మన్, ఆయన భార్య. ఎండిపోయిన జువ్వి ఎవరి వంతులో పోయిందో జాబితాలోనే ఉంది.

వచ్చే వేసవి జాబితా ఈ సమావేశం ముగిసేదాకా బల్ల మీద ఉంటుంది. వచ్చి నీళ్లు పోయగలిగినవారే పేరు రాయవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి