ఈగకు బరువునిచ్చే బెండు

ప్రియ నేస్తమా,

కిందటి ఆదివారం ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు నేను అరకొరగా బదులు చెప్పాను. ఆ రాత్రంతా అది నా మనసులో మెదులుతూనే ఉంది. చీమంత ఈకల ముక్కను పాతిక గజాల దూరం ఎలా విసురుతున్నావు, దానికి బరువెక్కడిది అన్నావు. కాలువగట్టున పుట్టి పెరిగినవాడు అడగవలసిన ప్రశ్నే అది. మనం వెదురు కర్రకు నైలాను దారం కట్టి, జీలుగ బెండు గుచ్చి, గాలానికి వానపామును ఎక్కించి వేసినప్పుడు అది మూడు బారలకు మించి పోయేది కాదు. పోవలసిన అవసరమూ ఉండేది కాదు, ఎందుకంటే జెల్లలూ కొర్రమీనులూ గట్టు వారనే, తూటికాడల నీడలోనే తిరిగేవి. ఇక్కడి ట్రౌట్ చేప అలా కాదు. అద్దంలాంటి చల్లని నీటిలో ఉంటుంది, గట్టు మీద మనిషి నీడ కదిలితే చాలు లోతుకు పోతుంది, సాయంత్రం వేళ ఒడ్డుకు దూరంగా నీటి పైకి వచ్చి పురుగులను అందుకుంటుంది. దాన్ని చేరాలంటే దూరం విసరాలి, విసిరేదేమో బరువు లేని ఈగ, అంటే గాలానికి ఈకలో వెంట్రుకలో చుట్టి పురుగులా కట్టిన బొమ్మ.

ముందు చోటు సంగతి చెబుతాను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, సియెర్రా నెవాడా కొండలకు తూర్పు వైపున 395వ నంబరు రహదారి మీద టామ్స్ ప్లేస్ అనే చిన్న మజిలీ ఉంది. అక్కడి నుంచి రాక్ క్రీక్ వాగు పక్కనే ఒక రోడ్డు పైకి పోయి, మస్కిటో ఫ్లాట్ అనే చోట సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఆగిపోతుంది. ఆపైన కాలినడకే. అదే లిటిల్ లేక్స్ వ్యాలీ. మాక్, మార్ష్, హార్ట్, బాక్స్, లాంగ్, చికెన్‌ఫుట్, జెమ్ అంటూ ఒకదాని వెనుక ఒకటిగా చెరువులు, వాటి మధ్య వాగు, ఎదురుగా మంచు చారలతో మౌంట్ ఏబట్, బేర్ క్రీక్ స్పైర్ శిఖరాలు. జూన్ వచ్చేదాకా పై చెరువుల మీద మంచు పలకలు తేలుతూనే ఉంటాయి. మొదటి అరగంట నడకలో ఊపిరి అందదు, అది మన వయసు వల్ల కాదు, ఎత్తు వల్ల. నిదానంగా నడిస్తే సర్దుకుంటుంది.

ఇక్కడి వాళ్లు ఈగతో చేపలు పట్టడానికి వేరే కర్ర, దారం చుట్టే వేరే రీలు వాడతారు. ఆ పద్ధతిలో బరువంతా దారానిదే. లావుగా, బరువుగా ఉండే ఆ దారాన్ని తల వెనక్కీ ముందుకీ ఊపుతూ గాలిలో పొడుగు చేసి, చివరికి కొరడాలా సాగదీసి వదిలితే, దాని కొసన ఉన్న ఈగ వెంట పోయి నీటి మీద వాలుతుంది. చూడటానికి ఎంతో అందమైన పని అది, దానిమీద నాకు గౌరవం ఉంది. కానీ దానికి మనిషి వెనుక పది పన్నెండు గజాల ఖాళీ కావాలి. ఈ చెరువుల చుట్టూ నీటి అంచు దాకా పైన్ చెట్లూ బండరాళ్లూ ఉన్నాయి. మొదటి వేసవిలో నేను అరువు తెచ్చుకున్న అలాంటి కర్రతో రెండు రోజులు ప్రయత్నించి, ఉన్న ఈగలలో సగం చెట్ల కొమ్మలకు పోగొట్టుకున్నాను. మూడవ రోజు ఉదయం ఒక పెద్దాయన హార్ట్ లేక్ ఒడ్డున మామూలు స్పిన్నింగ్ కర్రతో, అంటే సన్నని దారం రీలు అంచు మీదుగా జారిపోయే కర్రతో నిలబడి, చెట్టుకు వీపు ఆనించి, నా కన్నా రెట్టింపు దూరం ఈగను వేస్తూ కనిపించాడు. ఆయన దారానికి కోడిగుడ్డు ఆకారంలో పారదర్శకమైన ప్లాస్టిక్ బెండు ఒకటి ఉంది. దాన్ని ఇక్కడ బబుల్ అంటారు.

నేస్తమా, ఈ బెండు చేసే పని మన జీలుగ బెండు చేసే పని కాదు. మన బెండు మనకు కన్నులాంటిది, అది మునిగితే చేప తగిలిందని తెలిసేది. ఈ బెండు మన చేతికి సత్తువ ఇచ్చేది. దాని లోపల బోలు, చివరన రబ్బరు బిరడా. బిరడా తీసి చెరువులో ముంచితే నీళ్లు నిండుతాయి. నా దగ్గర ఉన్నది నిండితే సుమారు 15 గ్రాములు తూగుతుంది, పల్చని కర్రతో పాతిక గజాలు విసరడానికి ఆ బరువు చాలు. ఇక అసలు విశేషం ఇది: ఆ నీళ్లకు గాలిలో ఉన్నంతసేపే బరువు. చెరువులో పడగానే, నీటిలో నీటికి బరువేముంటుంది? లోపలి నీళ్లు తూగవు, పల్చని ప్లాస్టిక్ మాత్రమే మిగులుతుంది. సీసపు గుండు కట్టి విసిరితే దూరం పోతుంది గాని ఈగను అడుగుకు లాక్కుపోతుంది. ఈ బెండు మాత్రం విసిరేటప్పుడు గుండులా ఉండి, పడ్డాక ఏమీ లేనట్టు ఉంటుంది. పైగా లోపలా బయటా నీరే కాబట్టి వెలుగు పెద్దగా వంగదు, చేప కంటికి అది దాదాపు కనిపించదు. ఈ ఊహ మొదట ఎవరికి తట్టిందో గాని వారికి చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

కట్టే తీరు కూడా రాస్తాను, నువ్వు చదివి మనసులో ఊహించుకోగలవు. రీలులో 4 పౌండ్ల బరువుకు ఆగే సన్నని నైలాను దారం ఉంటుంది. దాన్ని బెండు మధ్యనున్న గొట్టంలోంచి దూర్చి, తరువాత ఒక చిన్న పూస ఎక్కించి, ఆ కొసకు ఇత్తడి స్వివెల్ కట్టాలి, అంటే దారం మెలిపడకుండా తిరిగే, రెండు కళ్లున్న చిన్న కీలు. పూస లేకపోతే బెండు వచ్చి ముడి మీద కొట్టుకుని, ముడి నలిగి, పెద్ద చేప పడిన రోజే తెగుతుంది. స్వివెల్ రెండవ కంటికి ఇంకా సన్నని దారం రెండు మీటర్ల దాకా కట్టి, దాని చివర ఈగను ముడివేయాలి. ముడి బిగించే ముందు నోటి తడి అద్దడం మరచిపోకూడదు, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాను బలహీనపడుతుంది. చివరి దారం రెండు మీటర్లెందుకు అంటావా? నీటి లోపలి చేపకు పైలోకం ఒక గుండ్రని కిటికీలోంచే కనిపిస్తుంది, వెలుగు నీటిలోకి వంగడం వల్ల ఏర్పడే ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ అడ్డకొలత రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే. ఈగ ఆ కిటికీ నడిమిలో ఉంటే, బెండు దాని అంచుకు అవతల ఉంటుంది.

విసరడంలో ఒక్క మెళకువ ఉంది, అది చేతికి వచ్చేదాకా మిగతావేవీ పనికిరావు. బెండు బరువైనది గనుక ముందు పోతుంది, ఈగ తేలికైనది గనుక వెనుక వస్తుంది. అలాగే వదిలేస్తే బెండు పడ్డచోటే ఈగ కూడా పడి, దారం బెండుకు చుట్టుకుంటుంది. బెండు నీటిని తాకడానికి రెప్పపాటు ముందు, రీలు అంచు మీదుగా జారిపోతున్న దారాన్ని చూపుడువేలితో మెత్తగా తాకాలి. బెండు ఒక్క క్షణం తటపటాయిస్తుంది, వెనుక వస్తున్న ఈగ దాన్ని దాటి ముందుకు పోయి, దారం తిన్నగా సాగి, బెండుకు అవతల పువ్వులా వాలుతుంది. నాకు ఇది చేతనయ్యేసరికి ఆగస్టు వచ్చింది. చేతనైన మొదటి సాయంత్రం చేప పడకపోయినా ఎంతో తృప్తిగా నడిచి వచ్చాను.

చేప పైకి వచ్చి పురుగును అందుకున్నప్పుడు నీటి మీద లేచే వలయం కనిపించగానే దాని నడిమికి గురిపెట్టకూడదు. బెండు చప్పుడుకు చేప పారిపోతుంది. వలయానికి నాలుగైదు గజాలు అవతలకు వేసి, అలలు సద్దుమణిగేదాకా ఆగి, నిదానంగా దగ్గరకు లాగాలి. పైగా చెరువులో ట్రౌట్ ఒకచోట నిలవదు, ఒడ్డు వెంట గస్తీ తిరుగుతుంది. రెండు వలయాలు చూస్తే అది ఏ దిక్కుకు పోతున్నదో తెలుస్తుంది, మూడవ వలయం ఎక్కడ లేస్తుందో ఊహించి ఈగను ముందే అక్కడ ఉంచాలి. ఈ పద్ధతికి బెండులో సగమే నీళ్లు ఉండాలి, అప్పుడు అది తేలుతూ ఈగను పైనే ఉంచుతుంది. నేను ఎక్కువగా వాడేది ఎల్క్ హెయిర్ కాడిస్. పెద్ద దుప్పిలాంటి ఎల్క్ అనే జంతువు వెంట్రుకలతో కట్టిన ఈగ అది. ఆ వెంట్రుకలు బాగా తేలతాయి గనుక అది తొందరగా మునగదు. మధ్యాహ్నం గాలి లేచినప్పుడు కొండవాలు నుంచి చీమలు కొట్టుకొచ్చి నీటిలో పడతాయి, అప్పుడు గాలి తగిలే ఒడ్డున నల్లచీమ బొమ్మ కట్టినవాడిదే పైచేయి.

ఎండ నెత్తిన ఉండి వలయాలేవీ లేవని వేళ బెండును పూర్తిగా నింపుతాను. అది నీటిలో మెల్లగా దిగుతుంది. పది, ఇరవై అని మనసులో లెక్కపెట్టి, ఏ లెక్క దగ్గర చేప తగిలిందో గుర్తు పెట్టుకుంటే మరుసటి సారి అదే లోతుకు దింపవచ్చు. దీనికి వూలీ బగ్గర్ అనే ఈకల తోక ఉన్న ఈగ మంచిది, జలగలానో, తూనీగ పిల్లలానో నీటిలో వగలు పోతుంది. వాగు వచ్చి చెరువులో కలిసేచోటా, లేత పచ్చని నీరు ఒక్కసారిగా ముదురు నీలంగా మారే అంచు వెంటా లాగితే ఫలితం ఉంటుంది. చేప తగిలినప్పుడు మనం కొర్రమీనుకు లాగినట్టు గట్టిగా గుంజకూడదు. బెండు దారం మీద స్వేచ్ఛగా జారుతుంది కాబట్టి దాని బరువు చేపకు తెలియదు, కర్రను నింపాదిగా పైకెత్తితే చాలు, గాలం తనంతట తాను దిగుతుంది.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. బెండు కర్ర కొసకు వచ్చి ఆగిన తరువాత కూడా చేప ఇంకా రెండు మీటర్ల దూరంలోనే ఉంటుంది, ఇక రీలు తిప్పడానికి లేదు. అప్పుడు కర్రను వెనక్కి వంచి, పొడుగు పిడి ఉన్న చిన్న వలతో చేపను అందుకోవాలి. నేను గాలం ఎదురుముల్లును పటకారుతో ముందే నొక్కేస్తాను, అందువల్ల విడదీయడం తేలిక. చేతులు తడుపుకోకుండా చేపను తాకను, పొడి చేయి దాని ఒంటి మీది జిగురును తుడిచేస్తుంది, ఆ జిగురే దానికి రోగం రాకుండా కాచే కవచం. కింది లోయలలో ఆగస్టు ఎండకు నీళ్లు 20 డిగ్రీలు దాటిన రోజున నేను గాలమే వేయను, వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువ, పోరాడి అలసిన ట్రౌట్ వదిలినా బతకడం కష్టం.

అన్నట్టు, ఈ చెరువులలో మొదట చేపలే లేవు, ఈ సంగతి తెలిసిన రోజు నేను ఆశ్చర్యపోయాను. మంచు నదులు తొలిచిన ఈ గుంటలకు కింద నుంచి చేప ఎక్కి రాకుండా జలపాతాలు అడ్డుపడ్డాయి. 19వ శతాబ్దం నుంచి మనుషులు కంచరగాడిదల మీద డబ్బాలలో చేపపిల్లలను తెచ్చి వదిలారు, తరువాత విమానాల నుంచి కూడా జారవిడిచారు. బ్రూక్ ట్రౌట్ ఈ దేశపు తూర్పు తీరానిది, బ్రౌన్ ట్రౌట్ 1883లో జర్మనీ నుంచి గుడ్లుగా అమెరికాకు వచ్చింది. కాలిఫోర్నియా తన రాష్ట్ర చేపగా 1947లో ఎంచుకున్న గోల్డెన్ ట్రౌట్ మాత్రం ఈ కొండలదే, దక్షిణాన కెర్న్ నది ఎగువ వాగులలో పుట్టినది. వదిలిన చేపలు తోకకప్పలను తినేయడంతో ఇక్కడి పసుపుకాళ్ల కప్ప దాదాపు కనుమరుగైంది. 2014లో దాన్ని అంతరించిపోతున్న జీవుల పట్టికలో చేర్చారు. జాతీయ పార్కులలోని కొన్ని చెరువుల నుంచి చేపలను తొలగిస్తే కప్పలు తిరిగి వచ్చాయి కూడా. నేను ప్రేమించే ఈ వినోదం వెనుక ఆ నష్టం ఉందని నాకు తెలుసు, అలా చేపలను తొలగించిన చెరువుల జోలికి మళ్లీ ఎవరూ చేపలతో పోకూడదని గట్టిగా నమ్ముతాను.

అందుకే కొన్నిటిని వదిలినా, బ్రూక్ ట్రౌట్‌ను రెండు మూడు ఇంటికి తెస్తాను. వీపు మీద పురుగు పాకినట్టు వంకర గీతలు, కింది రెక్కల అంచున సున్నం గీసినట్టు తెల్లని చార ఉంటే అదే బ్రూక్. పై చెరువులలో అవి లెక్కకు మించి పెరిగి, మేత చాలక జానెడు దగ్గరే ఆగిపోతాయి. పొలుసు కనిపించనంత సన్నం. పసుపు, ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించడమే, పులుసుకు ఈ మెత్తని మాంసం ఆగదు. చెల్లెమ్మకు ఈ మాట ముందుగా చెప్పు, వచ్చేటప్పుడు పులుసుకని చింతపండు మూట కట్టకుండా.

జూలైలో మీరు వచ్చేనాటికి పై చెరువులు కరిగి ఉంటాయి. పదహారేళ్లు దాటిన ప్రతివారికీ లైసెన్సు ఉండాలి, ఒక రోజుదీ రెండు రోజులదీ ఇస్తారు, నీకు నేను తీసి ఉంచుతాను. మస్కిటో ఫ్లాట్ పేరుకు తగ్గట్టే ఆ నెలలో దోమలుంటాయి, నిండు చేతుల చొక్కా తెచ్చుకో. మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరిమితే కర్ర కింద పెట్టి దిగిపోదాం, గ్రాఫైటు కర్రలోంచి విద్యుత్తు ప్రవహిస్తుంది. ఈలోగా మన కాలువ దగ్గర ఒక చిన్న సాధన చేయి. పట్టణంలో స్పిన్నింగ్ రీలు దొరికితే, చిన్న ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి, దాని వెనుక రెండు మీటర్ల దారానికి కోడి ఈక ఒకటి కట్టి విసురు. సీసా నీటిని తాకబోయే ముందు వేలు ఆనించి, ఈక సీసాను దాటి అవతల పడుతుందో లేదో చూడు. పడిన రోజున నాకు ఫోను చేయి. నీకోసం కొత్త బెండు ఒకటి, ఆరు ఈగలు డబ్బాలో పెట్టి ఉంచాను.

నీ
బాల్యమిత్రుడు