హెలికాప్టర్ ఎక్కే ముందు పార పట్టడం నేర్చుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో కెనడాలో హెలికాప్టర్ మీద కొండెక్కి మంచులో స్కీయింగ్ చేసే టూర్ల గురించి ఫుల్ పేజీ వేశారు. ఫోటోలు చాలా బాగున్నాయి, ఇంట్లో అందరం చదివాం. నేను కాల్గరీలో ఉంటాను, చలికాలం వస్తే ప్రతి శని ఆదివారాలు కొండల్లోనే గడుపుతాను, అందుకే ఇది రాయకుండా ఉండలేకపోయా. ఆ పేజీలో రేట్లు ఉన్నాయి, హోటళ్లు ఉన్నాయి, ఏ నెలలో రావాలో కూడా ఉంది, కానీ ఆ ఒక్క రోజుకి మనిషి ఎలా రెడీ అవ్వాలో ఒక్క లైను కూడా లేదు. అది చూసి హైదరాబాద్ నుంచి, ఇటు సియాటిల్, టొరంటో నుంచి మనవాళ్లు బుక్ చేసుకుంటారు, అందుకని నాకు తెలిసింది చెప్తున్నా.

ఇది హెలికాప్టర్ షికారు కాదండీ. ఆస్ట్రియా నుంచి కెనడా వచ్చిన హాన్స్ గ్మోజర్ అనే పర్వతారోహణ గైడ్ 1965లో బ్రిటిష్ కొలంబియాలోని బుగాబూ కొండల్లో ఈ పద్ధతి మొదలుపెట్టారు, అప్పటినుంచీ హెలికాప్టర్ పని పైన దింపడం, కింద మళ్లీ ఎక్కించుకోవడం వరకే. మధ్యలో అంతా మీ కాళ్లే. మెషిన్‌తో చదును చేసిన ట్రాక్ ఉండదు, అలిసిపోతే కూర్చోడానికి షెడ్డు ఉండదు, మోకాళ్ల దాకా, ఒక్కోసారి నడుము దాకా పొడి మంచు. మామూలు రిసార్టులో ఏ వాలైనా, మంచు గట్టిగా ఉన్నా మెత్తగా ఉన్నా, పడకుండా వరసగా మలుపులు తిప్పుకుంటూ దిగగలిగితేనే దీని గురించి ఆలోచించండి. ఇంకా రాకపోతే తప్పేం లేదు, కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో నేర్పే వాళ్లున్నారు, గుల్మార్గ్‌లో అయితే ప్రభుత్వ ఇన్‌స్టిట్యూటే కోర్సులు నడుపుతుంది, ఒకట్రెండు సీజన్లు అక్కడ చేసి వస్తే ఆ రోజుని నిజంగా ఎంజాయ్ చేస్తారు. బుకింగ్ ఫామ్‌లో మీ లెవెల్ అడిగితే పెంచి రాయొద్దు, ఎందుకంటే గ్రూపులో ఒక్కరు వెనకపడినా అందరూ చలిలో నిలబడి వాళ్ల కోసం చూడాల్సిందే, గైడ్ కూడా వాలు మార్చుకోవాల్సిందే. బరువు అడిగినా బట్టలతో సహా ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎవరు ఏ సీట్లో, ఇంధనం ఎంత అనేది ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. రెండు నెలల ముందునుంచే మెట్లెక్కడం, గుంజీళ్లు, ఒక కాలు ముందుకేసి మోకాలు వంచే ఎక్సర్‌సైజులు మొదలుపెట్టండి, మధ్యాహ్నానికి తొడలు వణకడం మొదలైతే ఆ తర్వాత ప్రతి మలుపూ ప్రమాదమే.

సామాన్ల సంగతి తొందరగా చెప్పేస్తా. పొడి మంచుకి పనికొచ్చే వెడల్పాటి స్కీలు, స్నోబోర్డులు అక్కడే ఇస్తారు, మోసుకురావక్కర్లేదు, కానీ బూట్లు మాత్రం మీవే, ముందే వాడి కాలికి సెట్ అయినవే తెచ్చుకోండి. లోపల కాటన్ అస్సలొద్దు, చెమట పట్టి తడిస్తే ఆరదు, మెరినో ఉన్నిదో సింథటిక్‌దో వేసుకోండి. గాగుల్స్ రెండో జత, గ్లౌజులు రెండో జత, సన్‌స్క్రీన్, హెల్మెట్, అంతే.

ఇప్పుడు అసలు విషయం. పొద్దున్నే ఫస్ట్ ఫ్లైట్‌కి ముందు గైడ్ అందరినీ బయట నిలబెట్టి బీకన్ ట్రైనింగ్ ఇస్తాడు (బీకన్ అంటే ఒంటికి కట్టుకునే చిన్న రేడియో పరికరం, సెండ్ మోడ్‌లో సిగ్నల్ పంపుతుంది, సెర్చ్ మోడ్‌లో మంచులో కూరుకుపోయిన వాళ్ల సిగ్నల్ పట్టుకుంటుంది), ఆ ట్రైనింగ్‌ని మనవాళ్లు చాలామంది విమానంలో సీటు బెల్టు డెమోలా చూస్తున్నారు. నేను కళ్లారా చూశా, గైడ్ ఒక చిన్న బ్యాగులో బీకన్ పెట్టి మంచులో పాతి వెతకమంటే, ఒకబ్బాయి ఫోన్ తీసి వీడియో తీస్తున్నాడు, బీకన్ పక్క జేబులో ఉంది, ఇంకా సెండ్ మోడ్‌లోనే ఉంది, తర్వాత గైడ్ పిలిచి చేతికిస్తే ఏ బటన్ నొక్కాలో తెలీదు. మంచుచరియలు విరిగిపడితే గైడ్ కూడా కూరుకుపోవచ్చు కదా, అప్పుడు ఆయన్ని తవ్వి తీసేది ఎవరు? పక్కనున్న మనమే. ఊళ్లోంచి రెస్క్యూ టీం వచ్చేంత టైం ఉండదు. స్విట్జర్లాండ్‌లో కొన్ని దశాబ్దాల ప్రమాదాల లెక్కలు చూసిన పరిశోధనలో, మొదటి 10 నిమిషాల్లో బయటికి తీసిన వాళ్లలో 90 శాతం దాకా బతికారని, అరగంట దగ్గరికొచ్చేసరికి అది మూడో వంతుకి పడిపోయిందని తేలింది. కారణం ఊపిరాడకపోవడమే, పడినప్పుడు పొడిగా ఉన్న మంచే ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుపోతుంది, వేలు కదలదు.

అందుకని ఆ ట్రైనింగ్‌లో ఇవన్నీ చేతులతో చేసి చూడండి. బీకన్ జాకెట్ లోపల ఒంటికి కట్టుకోవాలి, రోజంతా సెండ్‌లోనే ఉండాలి, ఫోన్ దానికి కనీసం జానెడు దూరంలో ఉండాలి, వెతికేటప్పుడైతే ఇంకా దూరం, వీలైతే ఫోన్ ఆఫ్ చేసేయండి, బ్యాటరీతో వేడెక్కే గ్లౌజులు కూడా సిగ్నల్‌ని చెడగొడతాయి. ఎవరైనా కూరుకుపోతే మిగతా అందరూ సెర్చ్‌లోకి మార్చాలి, ఒక్కరు మర్చిపోయినా వాళ్ల సిగ్నల్ వెంటపడి టైం వేస్టవుతుంది. బీకన్ తెర మీద బాణం గుర్తు చూసుకుంటూ వేగంగా వెళ్లి, దూరం చూపే అంకె 3 మీటర్లకి తగ్గాక నెమ్మదించి, బీకన్‌ని మంచుకి ఆనించినంత కిందకి దించి, ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ జరిపి అన్నిటికంటే తక్కువ అంకె వచ్చిన చోట ఆగాలి. అక్కడినుంచి ప్రోబ్, అంటే మడత విప్పితే పొడుగయ్యే సన్నటి రాడ్డు, దాన్ని వాలుకి నిటారుగా గుచ్చుతూ, జానెడు జానెడు దూరంలో చుట్లు తిరుగుతూ రావాలి. మనిషి తగిలితే చేతికి తెలిసిపోతుంది, నేలలా గట్టిగా ఉండదు, కొంచెం మెత్తగా వెనక్కి తోస్తుంది. తగిలాక ఆ రాడ్డు పీకొద్దు, అలాగే వదిలేసి పార తీయాలి. చాలామంది రాడ్డు పక్కనే గొయ్యి తవ్వడం మొదలుపెడతారు, అలా తవ్వితే మనమే ఆ మనిషి మీద నిలబడి తొక్కినట్టు, పైగా తీసిన మంచు మళ్లీ గోతిలోకే జారుతుంది. కాస్త కింద వాలు వైపు నుంచి మొదలుపెట్టి, పక్కకి ఈదుతున్నట్టు మంచుని వెనక్కి నెడుతూ మనిషి వైపు తవ్వుకుంటూ పోవాలి, ముందున్నవాళ్లు అలిసిపోగానే వెనకవాళ్లు వాళ్ల చోటికి రావాలి. వచ్చే ముందే బీకన్ అద్దెకి తీసుకుని పార్కులో ఓ గంట ప్రాక్టీస్ చేసుకుంటే ఆ పొద్దుట మీ చేతులు వణకవు.

హెలికాప్టర్ దగ్గర రూల్స్ తక్కువే కానీ తప్పకూడదు. తోక వైపు ఎప్పుడూ వెళ్లొద్దు, పైలట్‌కి కనపడేలా ముందునుంచే, గైడ్ సైగ చేశాకే వెళ్లాలి. స్కీలు భుజానేసుకోకూడదు, కిందకి అడ్డంగా పట్టుకోవాలి. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు అందరూ ఒకచోట ముద్దగా మోకాళ్ల మీద కూర్చుని తల దించుకుంటారు, రెక్కల గాలికి టోపీ ఎగిరిపోతే పోనీయండి, దాని వెనకాల పరిగెత్తొద్దు.

వాలు మీద గైడ్‌ని దాటి కిందకెళ్లొద్దు, ఆయన జాడకి ఎడమవైపు రమ్మంటే ఎడమవైపే, ఎందుకని అక్కడ వాదించొద్దు, కిందకొచ్చాక అడగండి, చక్కగా చెప్తారు. చెట్లలోకి వెళ్తే మాత్రం జంటగా, ఒకరికొకరు కనపడేలా, కేకేస్తే వినపడేలా వెళ్లాలి. పైన్ లాంటి చెట్ల మొదట్లో కొమ్మల కింద మంచు గుల్లగా ఉంటుంది, తలకిందులుగా అందులో పడితే సొంతంగా బయటికి రావడం చాలా కష్టం, మంచుచరియలు విరగకపోయినా ఊపిరాడక చనిపోయిన వాళ్లున్నారు. స్కీ పోల్స్ స్ట్రాపులు చేతికి తగిలించుకోకండి, విజిల్ నోటికి అందేలా పెట్టుకోండి. స్నోబోర్డ్ వాళ్లకి ఇంకోటి, హెలికాప్టర్ ఎక్కే చోటికి ముందు ఒక్కోసారి చదునుగా ఉంటుంది, గైడ్ ఇక్కడ ఆగకుండా రండి అంటే ఆగకండి, స్పీడు పోయిందంటే బోర్డు విప్పి ఆ లోతు మంచులో నడవాలి.

సంతకం పెట్టించుకునే వేవర్ పేపర్, అంటే హక్కులు వదులుకునే కాగితం, పూర్తిగా చదవండి, కంపెనీ నిర్లక్ష్యం ఉన్నా కేసు వేయనని అందులో ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలా పాలసీల్లో హెలీస్కీయింగ్ కవర్ కాదు, ఏజెంట్ నోటిమాట మీద నమ్మకుండా రాతపూర్వకంగా అడగండి. బ్రిటిష్ కొలంబియాలోని రెవెల్‌స్టోక్ ఊరికి కాల్గరీ నుంచి కారులో వెళ్లేవాళ్లు ముందు రోజే చేరుకోండి, దారిలో రోజర్స్ పాస్ అనే కనుమ దగ్గర మంచుచరియలు ముందే దింపడానికి సైన్యం ఫిరంగులతో కాలుస్తుంది, అప్పుడు హైవే మూసేస్తారు. మబ్బు పడితే హెలికాప్టర్ లేవదు, చేతిలో ఒకరోజు ఎక్స్‌ట్రా ఉంచుకోండి, ఎగరకపోతే డబ్బు ఎంత తిరిగిస్తారో బుక్ చేసేటప్పుడే కనుక్కోండి.

ఎడిటర్ గారూ, నా రిక్వెస్ట్ ఒక్కటే. వచ్చే సీజన్‌లో మళ్లీ ఇలాంటి పేజీ వేసినప్పుడు రేట్ల పక్కన చిన్న బాక్స్ కట్టి బీకన్, ప్రోబ్, పార గురించి కూడా వేయండి. బొమ్మలతో సహా కావాలంటే నేనే రాసి పంపుతా.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాల్గరీ, కెనడా