మకాం మార్చడంలో చెయ్యి వేసినవాళ్ళందరికీ

నల్లకుంట ఇల్లు అద్దెకిచ్చి, శామీర్‌పేట వైపు పెద్దవాళ్ళ కోసం కట్టిన ఈ సీనియర్ లివింగ్‌కి వచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళకి ఫోన్లో థ్యాంక్స్ చెప్పాను గానీ నలుగురిలో చెప్పలేదు. మొన్న మా బంధువు ఒకావిడ "పాపం, పిల్లలు దగ్గర లేకపోతే ఏం చేస్తుంది, అక్కడ పడి ఉంటోంది" అందని తెలిసింది. ఆవిడకు జవాబు చెప్పాలని కాదు. నేనిక్కడ పడి ఉండటం కోసం ఇంతమంది ఇంత కష్టపడాల్సిన పని లేదు కదా, వాళ్ళు చేసిందేమిటో రాసిపెడదామనిపించింది. చాలామంది పేర్లు వద్దన్నారు. కాబట్టి వరసలతోనే రాస్తున్నాను. ఎవరి సంగతి వాళ్ళకు తెలుస్తుంది.

ముందుగా మా కింది వాటా అమ్మాయికి. వానాకాలంలో మేడమెట్ల మీద జారి నా కుడి మణికట్టు విరిగినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళింది తనే. అంతవరకు ఇరుగుపొరుగు ఎవరైనా చేస్తారు. ప్లాస్టర్ ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే పైకొచ్చి నాకు జడ వేసి, చీర కుచ్చిళ్ళు సర్ది, ఆ తర్వాతే ఆఫీసుకు బయల్దేరేది. కుడి చెయ్యి లేకపోతే పాల ప్యాకెట్ కత్తిరించుకోలేం, బీపీ మాత్ర పట్టీలోంచి తీసుకోలేం, తలుపు గొళ్ళెం కూడా సరిగ్గా పడదు. మా అమ్మాయి పుణె నుంచి వచ్చి సెలవు ఉన్నంతవరకు ఉంది. అబ్బాయి మెల్‌బోర్న్‌లో. నేను ఫోనెత్తకపోతే వాడు వెంటనే కింది వాటాకు ఫోన్ చేసేవాడు. వాళ్ళందరి టెన్షన్ చూస్తుంటే నాకు చెయ్యినొప్పి కంటే అదే ఎక్కువైంది.

ఆ అమ్మాయి ఒకరోజు జడ వేస్తూ, "ఆంటీ, నలుగురున్న చోట ఉంటే మీకు బాగుంటుందేమో, ఒకసారి చూసి రాకూడదా?" అంది. అంతే. తర్వాత మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనే అడిగాక ఆదివారం తన కారులో తిప్పింది. ఒకచోట లాబీ పెళ్ళి ఫంక్షన్ హాలులా మెరిసిపోతోంది, డిపాజిట్ ఎంత తిరిగిస్తారని అడిగితే మాత్రం మాట మార్చేశారు. ఇంకోచోట బాత్‌రూమ్‌కి గడప ఉంది. విరిగిన చెయ్యి పట్టుకుని తిరుగుతున్న నాకు ముందు అదే కనిపించింది.

తర్వాత 14567కి, అంటే ఎల్డర్ లైన్ వాళ్ళకి. పెద్దవాళ్ళ కోసం ఉన్న ఉచిత హెల్ప్‌లైన్ ఇది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది. దేశమంతటా వచ్చింది 2021లో అయినా, దీనికి పునాది పడింది మన హైదరాబాదులోనే. ఎవరో వేధిస్తేనో, వదిలేస్తేనో చేసే నంబరు అనుకుంటారు చాలామంది. అలాంటి కాల్స్ వాళ్ళు తీసుకుంటారు. నాలాంటి మామూలు సందేహాలకు కూడా ఓపిగ్గా చెబుతారు. అవతల మాట్లాడిన అమ్మాయి ఎవరో నాకు తెలియదు, ఇది చదువుతుందన్న ఆశా లేదు. అయినా థ్యాంక్స్ తల్లీ, నన్ను "మామ్మగారూ" అనకుండా "మేడమ్" అన్నందుకు కూడా.

ఇక మా వకీలు బాబు. నాతో పోస్టాఫీసులో కౌంటర్ పక్క కౌంటర్‌లో పనిచేసిన నేస్తం కొడుకు. ఫీజు అడిగితే "పిన్నీ, చిన్నప్పుడు నాకు స్టాంపులిచ్చేదానివి, లెక్క సరిపోయింది" అన్నాడు. ఒప్పందం కాగితాలు మొత్తం కూర్చుని చదివాడు. ఇలాంటి చోటికి రావాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని, అతను అడగమన్నవి రాస్తున్నాను. డిపాజిట్‌లో తిరిగొచ్చేదెంత, ఎన్నాళ్ళలో? నెలవారీ చార్జీ ఏటా ఎంత పెంచుతారు, అది కాగితం మీద ఉందా? పిల్లల దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ రోజుల భోజనం డబ్బు మినహాయిస్తారా? మంచాన పడితే ఇక్కడే చూస్తారా, వేరేచోటికి పొమ్మంటారా, దానికి ఖర్చు వేరా? మతిమరుపు జబ్బు వస్తే? నిర్వహణ చూసే కంపెనీ మారిపోతే పాత ఒప్పందం చెల్లుతుందా? ఈ చివరి ప్రశ్న నాకు తట్టనే తట్టలేదు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌ల కోసం నమూనా మార్గదర్శకాలు ఇచ్చిందట. కట్టినవాళ్ళు, కొన్నవాళ్ళు, సేవలందించేవాళ్ళు, ముగ్గురి మధ్యా ఒప్పందం ఉండాలని అందులో ఉందట. నేను కొనలేదు, డిపాజిట్ కట్టి అద్దెకు ఉంటున్నాను. అయినా ఆ పద్ధతిలోనే అడిగించాడు.

నల్లకుంట ఇల్లు పిల్లల పేర ఇప్పుడే రాసేస్తానంటే వద్దని ఆపింది కూడా అతనే. "రాయాలనుకుంటే నిన్ను చూసుకోవాలన్న షరతు పెట్టి రాయి పిన్నీ" అన్నాడు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తి విషయంలో ఆ షరతు తప్పితే, ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మా పిల్లల మీద నాకు అనుమానమేం లేదు. కానీ ఇల్లు నా పేరున ఉంటే, ఇక్కడ నచ్చకపోతే ఎప్పుడైనా వెనక్కి వెళ్ళొచ్చన్న ధైర్యం ఉంటుంది. నిజం చెప్పాలంటే, నేనిక్కడ కుదురుకోవడానికి ఆ ధైర్యం చేసినంత మేలు ఇక్కడి యోగా క్లాసు చేయలేదు.

డబ్బు లెక్క నేనే వేసుకున్నాను. ఏళ్ళ తరబడి ఊరందరి పాస్‌బుక్కులు చూసినదాన్ని, నా లెక్కకు ఇంకొకరు ఎందుకు? పెన్షన్‌కు తోడు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ, పై వాటా అద్దె. ఆ స్కీమ్‌లో ఒకరి పేరున 30 లక్షల వరకు వేసుకోవచ్చు. 8.2 శాతం మీద అంత వేసినవాళ్ళకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. నా దగ్గర అందులో సగమే ఉంది, అయినా సరిపోతోంది. మాలాంటి కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు 80 నిండితే పెన్షన్ మీద 20 శాతం అదనంగా ఇస్తారు. ఇంకో ఆరేళ్ళు బతకడానికి అదొక కారణం.

సామాను సంగతికొస్తే, ఒక జీవితకాలం కూడబెట్టింది ఒక పడగ్గది, చిన్న వంటగట్టు ఉన్న ఇంట్లో పట్టదు. మా తోడికోడలు, వాళ్ళ కోడలు వచ్చి కూర్చున్నారు. ఏది ఉంచాలో, ఏది ఇచ్చేయాలో వాళ్ళు చెప్పలేదు. ఒక్కొక్కటీ నా ముందు పెట్టి ఆగేవాళ్ళు. నేను "ఉండనీ" అంటే ఒక పక్క, "ఇచ్చేయ్" అంటే ఇంకో పక్క. ఇత్తడి బిందెలు మా అమ్మాయికి, రుబ్బురోలు ఎవరూ మోయలేక అక్కడే పెరట్లోకి. మావారి రేడియో పనిచేయదు. అయినా అది పెట్టెలోకి ఎక్కుతుంటే ఎవరూ మాట్లాడలేదు. డీసీఎం మాట్లాడుకొచ్చిన తమ్ముడు "అమ్మా, సామాను మేం ఎక్కిస్తం, మీరు నీడకు కూసోండి" అని కుర్చీ వేసి, తులసి కోటను మాత్రం తన ముందు సీట్లో పెట్టుకుని తెచ్చాడు. మట్టి ఒలకలేదు.

ఇక్కడి మేనేజరు గారికి కూడా ఒక నమస్కారం. పూర్తి డిపాజిట్ కట్టకముందు కొన్నాళ్ళు గెస్ట్ రూమ్‌లో ఉండి చూస్తానంటే ఒప్పుకున్నారు. ఆ రోజులు బాగా గడిచాయని చెప్పను. రాత్రి తొమ్మిదయ్యేసరికి నిశ్శబ్దం. నల్లకుంటలో కూరగాయల మార్కెట్ గోల, బండ్ల హారన్లు, పక్కింటి టీవీ అలవాటైన ప్రాణానికి నిద్ర పట్టలేదు. డైనింగ్ హాల్లో ఎవరి టేబుళ్ళు వాళ్ళవి అయిపోయి ఉన్నాయి. ప్లేటు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక, మొదటిరోజు బళ్ళో చేరిన పిల్లలా నిలబడ్డాను.

అప్పుడు "ఇధర్ ఆవ్ బెహెన్, ఇక్కడ కూర్చో" అని పిలిచిన మా రైల్వే ఆపాకు, అంటే అక్కకు, ఏమని చెప్పను? సికింద్రాబాద్ రైల్వేలో చేసి రిటైరయ్యారు. తెలుగులో మొదలుపెట్టి దక్కనీలో ముగిస్తారు. రెండోరోజు మా తలుపు కొట్టి "కరివేపాకు ఉందా?" అన్నారు. వాళ్ళ బాల్కనీలో కరివేపాకు చెట్టు ఉందని వారం తర్వాత తెలిసింది. అడగడానికి ఏదో ఒకటి కావాలి కదా! రంజాన్‌కు ఆవిడ షీర్ ఖుర్మా, బతుకమ్మకు నా సత్తుపిండి, మలీద ముద్దలు. ఇక్కడ తంగేడు పూలు బయటే దొరుకుతాయి, నల్లకుంటలోలా కొనుక్కోవక్కర్లేదు. ఆ రోజు ఆడవాళ్ళం అందరం, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీల్లో కూర్చునే, చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడాం.

"సంతోషంగా ఉన్నావా?" అని మా అబ్బాయి ప్రతి ఆదివారం అడుగుతాడు, పరీక్ష పేపరు దిద్దేవాడిలా. ఉన్నాను. అయితే ఇక్కడికి వచ్చినవాళ్ళందరూ సంతోషంగా ఉన్నారని మాత్రం రాయలేను. ఒక పెద్దాయన ఇప్పటికీ బ్యాగు పూర్తిగా విప్పలేదు. "ఒకసారి చూసి వెళ్దాం" అని చెప్పి ఆయన్ని తీసుకొచ్చి, ఇక్కడే చేర్పించి వెళ్ళారట. అదే గది, అదే భోజనం, అదే నర్సు. ఆయనకు జైలు, నాకు ఇల్లు. దీని గురించి మా బ్లాకులో ఉండే రిటైర్డ్ సైకాలజీ లెక్చరర్ గారు ఒక సాయంత్రం చెప్పారు. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం 1976లో అచ్చయింది. ఒక అంతస్తులోని పెద్దవాళ్ళతో మీ గది మీ ఇష్టం, మీ రోజు మీ ఇష్టం అని చెప్పి, తలా ఒక మొక్క ఎంచుకోమని, నీళ్ళు మీరే పోసుకోండన్నారట. ఇంకో అంతస్తు వాళ్ళకు మొక్క చేతికిచ్చి, నీళ్ళు నర్సులు పోస్తారు, మిమ్మల్ని మేం బాగా చూసుకుంటాం అన్నారట. మూడు వారాల తర్వాత చూస్తే మొదటి అంతస్తు వాళ్ళే ఎక్కువ ఉత్సాహంగా, చురుగ్గా ఉన్నారు. వాళ్ళు చెప్పుకున్నదీ అదే, నర్సులు గమనించిందీ అదే.

అది విన్నాక నాకు మీరందరూ వరసగా గుర్తొచ్చారు. చూసి రాకూడదా అని ఆగిపోయిన అమ్మాయి, వస్తువు ముందు పెట్టి నా మాట కోసం ఆగిన తోడికోడలు, ఇల్లు నీ పేరునే ఉంచుకోమన్న వకీలు బాబు. అందరికన్నా మా పిల్లలు. "అమ్మా, నువ్వు ఎక్కడుంటే అక్కడికి వస్తాం" అన్నారు గానీ ఇలా చేయి అలా చేయి అనలేదు. లోపల ఎంత అనుకున్నారో నాకు తెలుసు.

ఇక్కడ చావును దాచరు, అది కూడా చెప్పాలి. ఒక ఉదయం నోటీసు బోర్డు మీద ఫొటో పెడతారు. మొదటిసారి నాకు అన్నం సయించలేదు. ఆ రాత్రి ఇక్కడి నైట్ డ్యూటీ నర్సమ్మ, బీపీ చూసే వంకతో వచ్చి చాలాసేపు కూర్చుంది. మంచం పక్కన కాల్ బెల్ ఉంది, బాత్‌రూమ్‌లో ఇంకోటి ఉంది. నేనెప్పుడూ నొక్కలేదు. నొక్కకపోయినా మా వాడు రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు, అది చాలు. నర్సమ్మా, వంటింటి అన్నదమ్ములూ, మీక్కూడా చాలా థ్యాంక్స్. పప్పుచారులో చింతపండు కాస్త పెంచమని మెస్ కమిటీలో ఇంకా పోరాడుతూనే ఉంటాను, ఏమీ అనుకోకండి.

నల్లకుంటను వదిలేశాననుకుంటున్న పాత ఇరుగుపొరుగుకు ఒక మాట. సీజీహెచ్‌ఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, మందుల కోసం సిటీకి వస్తూనే ఉన్నాను. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కదా, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) దాకా, అక్కడినుంచి ఇంకో బస్సు. శంకరమఠం దగ్గర ఎవరో ఒకరు కనిపిస్తారు. త్యాగరాయ గానసభలో మంచి కచేరీ ఉంటే మా ఆపాను కూడా తీసుకొస్తాను.

నవంబరు వస్తోంది, పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ల కాలం. కేంద్ర పెన్షనర్లలో 80 దాటినవాళ్ళయితే అక్టోబరు ఒకటి నుంచే ఇవ్వొచ్చు. ఫోన్లో ముఖం చూపించి చేసే పద్ధతి నేను నేర్చుకుని ఇక్కడివాళ్ళకు చేసిపెడుతున్నాను. వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకు అదే సుఖం. మంగళవారాలు, పదకొండు గంటలకు, లైబ్రరీ గదిలో. ఈ ఉత్తరంలో థ్యాంక్స్ అందుకున్నవాళ్ళ ఇళ్ళల్లో పెన్షనర్లు ఎవరున్నా తీసుకురండి. ఆధార్, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) నంబరు, ఆధార్‌కు లింకైన ఫోను మర్చిపోకండి. భోజనం ఇక్కడే చేయాలి. కాకపోతే గెస్ట్ మీల్‌కి ముందురోజే పేరు రాయించాలి, సోమవారం సాయంత్రంలోపు నాకు ఫోన్ చేయండి.