బుజ్జికి, రికార్డింగ్ గురించీ మిగతా వాటి గురించీ

చిరంజీవి బుజ్జికి,
అమ్మ ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన పాటని బాబీ అన్నయ్య నాకూ వినిపించాడు. నాకెందుకు పంపలేదని అడగనులే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నాను. చివర తీగ మోగడం ఆగకముందే దగ్గు వినిపించింది. పొడి దగ్గా, కఫం పడుతోందా? దసరా వెళ్ళిన దగ్గర్నుంచి నువ్వు ఫోనూ ఎత్తడం లేదు. సరే, అది తర్వాత. రికార్డింగ్ గురించి రాద్దామనే కూర్చున్నాను.

ముందు నీ గది సంగతి. పాటలో నీ గొంతు వెనకాల ఖాళీ గోడలు వినిపిస్తున్నాయి. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టు. దాని వెనకే సన్నగా గలగలమని తోక సాగిందంటే శబ్దం ఎదురెదురు గోడల మధ్య తిరుగుతోందన్నమాట. అది ఒకసారి మైకులో పడ్డాక తర్వాత పూర్తిగా తీసేయడం కుదరదు. అందరూ మైకు వెనకాల ఏదో ఒకటి కడతారు. నీ మైకు మాత్రం ముందువైపు వినే రకం. అంటే అది నీ వైపూ, నీ వెనకున్న గోడ వైపూ చూస్తుంది. అందుకని బొంతలు నీ వీపు వెనకాల వేలాడాలి. బట్టల బీరువా తలుపులు తీసి, దానికి వీపు పెట్టి కూర్చున్నా మంచిదే. అంగుళం మందం ఫోమ్ ముక్కలు కొనకు. అవి పైస్థాయి శబ్దాల్ని మాత్రమే తాగుతాయి, కింది గుమ్మనే మోత అలాగే ఉండిపోతుంది.

ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపు. చెమట పట్టిందని టేకుకీ టేకుకీ మధ్య ఫ్రిజ్ నీళ్ళు మాత్రం తాగకు. ఆపిన ఫ్రిజ్ మళ్ళీ వేయడం మర్చిపోకు, పాలు విరుగుతాయి. జుయ్యిమని మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ ప్లగ్గు తీసి బ్యాటరీ మీద నడిపి చూడు, చాలాసార్లు దానితోనే పోతుంది.

మైకు కలిపే వరస తప్పకు. గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మర, పూర్తిగా తగ్గించు, కేబుల్ పెట్టు, ఆ తర్వాతే మైకుకి కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ బటన్ నొక్కు. తీసేటప్పుడు ముందు బటన్ ఆపి, కాసేపాగి కేబుల్ లాగు. పాటలో నువ్వు అన్నిటికంటే గట్టిగా పాడే చోటు పాడుతూ గెయిన్ పెంచు. మీటర్ ముల్లు మైనస్ 12, మహా అయితే మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. 24 బిట్లలో రికార్డు చేస్తే తక్కువ స్థాయిలో ఉన్నదాన్ని తర్వాత పెంచుకోవచ్చు. సున్నా తాకి పగిలిన శబ్దాన్ని మాత్రం సరిగ్గా బాగుచేయలేం. నీ రెండో చరణంలో అదే జరిగింది, విను.

గిటార్‌కి మైకుని సౌండ్‌హోల్, అదే పెట్టె మీది గుండ్రటి రంధ్రం, ఎదురుగా పెట్టావని అనుకుంటున్నాను. పెట్టె లోపలి గాలి మోగేది అక్కడే, అందుకే పాటంతా గుమ్మంటోంది. మెడ మీది 12వ ఫ్రెట్‌కి (మెట్టుకి) ఎదురుగా, జానెడు నుంచి అడుగు దూరంలో పెట్టి, దాని మూతిని మెడా ఒళ్ళూ కలిసే చోటికి కొంచెం తిప్పు. రెండంగుళాలు జరిపితేనే వేరే గిటారా అన్నంత తేడా వస్తుంది. కాబట్టి పై, కింది స్థాయిల్ని హెచ్చుతగ్గులు చేసే ఈక్వలైజర్ ముట్టుకునే ముందు మైకుని జరిపి చూడు. కొత్త తీగలు ఒకరోజు ముందే వేసుకో. ఏసీ ఆపాక శృతి జారుతుంది, ప్రతి టేకుకీ ట్యూనర్ చూసుకో.

రెండో మైకు కొనాలని ఉందని బాబీతో అన్నావట. వాడి సంగతి చెబుతాను. 12వ ఫ్రెట్ దగ్గర ఒకటి, ఒంటి మీద తీగలు కట్టే బ్రిడ్జి వెనకాల ఒకటి పెట్టాడు. విడివిడిగా వింటే రెండూ బంగారంలా ఉన్నాయి. కలిపితే ప్రాణం పోయి రేకు డబ్బా మోతలా మిగిలింది. మైకు పాడైందన్నాడు, కేబుల్ అన్నాడు, కేబుల్ మార్చాడు. కొన్న కొట్టుకి తిప్పి పంపేద్దామని పెట్టెలో సర్దాడు కూడా. లోపం మైకులో లేదు. ఒక మైకు గిటార్‌కి దగ్గరగా ఉంది, రెండోది 17 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంది. శబ్దం ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది, అంటే రెండో మైకుకి అర మిల్లీసెకను ఆలస్యంగా చేరింది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం అల. ఒకటి పైకి లేస్తుంటే ఇంకోటి కిందికి దిగుతుంది, రెండూ కలిస్తే కొట్టుకుపోతాయి. చివరికి వదిన పురికొస తెచ్చి ఒక కొస గిటార్ మీద పట్టుకుంది, వాడు రెండో కొసతో రెండు మైకులూ ఒకే దూరానికి జరిపాడు, పాట తిరిగొచ్చింది. ఆ రాత్రంతా ఫ్యాను లేకుండా చెమటలు కక్కి, పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేసి వారం రోజులు గొంతు పోగొట్టుకున్నాడు. అది మాత్రం నీకు చెప్పి ఉండడు. నీకు ఒక్క మైకు చాలు. ముందు గిటార్ రికార్డు చెయ్యి, తర్వాత అదే మైకు ముందు పాడు. తాళం కోసం చెవిలో మోగే క్లిక్కు గొంతు ట్రాక్‌లోకి కారకుండా చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ వాడు.

గొంతుకి పాప్ ఫిల్టర్, అంటే నోటి గాలిని ఆపే జల్లెడ, మైకు నుంచి బెత్తెడు దూరంలో, నీ నోరు దానికి ఇంకో బెత్తెడు అవతల ఉండాలి. మన పాటల్లో ప, ఫ, బ, భ అడుగడుగునా వస్తాయి. ఆ గాలి తిన్నగా పడితే డబ్‌మంటుంది, మైకుని కాస్త పక్కకి తిప్పితే తప్పిపోతుంది. మరీ దగ్గరికి జరిగితే కింది స్థాయి ఉబ్బి గొంతు బరువెక్కుతుంది. నీ పాటలో ఆ బరువు మైకుదా, జలుబుదా అన్నది నాకు తేలలేదు. గొంతు సకిలించుకోకు, దానివల్ల స్వరతంత్రులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. గోరువెచ్చని నీళ్ళు గుక్కెడు తాగు. మూడు టేకులు పాడి పది నిమిషాలు ఊరుకో. బొంగురుగా ఉన్న రోజు గిటార్ మాత్రమే రికార్డు చెయ్యి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయిస్తారు. దాటిందా? ఆఫీసులో సెలవు పెట్టి చూపించుకో, సాయంత్రం చూద్దాంలే అనుకోకు.

నీ గొంతు నీకే ఆలస్యంగా వినపడితే, ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) కంపెనీ వాళ్ళ సొంత డ్రైవర్ వేసుకుని, రికార్డింగప్పుడు బఫర్ (శబ్దాన్ని కాసేపు ఆపి పంపే నిల్వ) 128కి దించు. మిక్సింగప్పుడు 1024కి పెంచు. ఇంటర్‌ఫేస్‌లో నీ గొంతుని నేరుగా చెవికి వినిపించే డైరెక్ట్ మానిటర్ ఉంటే ఇంకా మేలు. అది వాడేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపు, లేకపోతే రెండు గొంతులు వినిపిస్తాయి.

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపకు, నొక్కేస్తుంది. వేవ్ ఫైలు డ్రైవ్‌లో పెట్టు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో మోనో ట్రాక్ నిమిషానికి తొమ్మిది ఎంబీ లోపే. పాట మొదలయ్యే ముందు అర నిమిషం ఊరికే ఉండు, గది శబ్దం వేరుగా వినాలి. చివర దగ్గొస్తే కత్తిరించకుండానే పంపు.

మిరియాలు, శొంఠి దంచి డబ్బాలో పెట్టి నాన్న కొరియర్ చేశారు. పాలల్లో చిటికెడు చాలు. ఆదివారం ఇద్దరం ఇంట్లోనే ఉంటాం, ఎప్పుడైనా ఫోన్ చెయ్యి.

అమ్మ