కమిషనర్ ఏ మెట్లెక్కి వచ్చారు?
హైదరాబాద్‌లో పోలీసు ఉన్నతాధికారులు మారినప్పుడల్లా పూలగుచ్ఛాల ఫొటోలే తప్ప, వారు అంతకుముందు ఎక్కడెక్కడ ఏ పని చేశారో ప్రజలకు సరిగా తెలియడం లేదు. మొన్న ఒక ఫిర్యాదు మీద మా ఠాణాకు వెళ్లి గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా గోడకు బోర్డు: పనిచేసిన ఇన్‌స్పెక్టర్ల పేర్లు, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ. కొందరికి ఏడాది కూడా నిండలేదు. ఎక్కడి నుంచి వచ్చారన్న గడి మాత్రం లేదు. ఐపీఎస్ పోస్టుల్లో మూడో వంతు వరకు రాష్ట్ర సర్వీసు వారికి పదోన్నతిపై దక్కుతాయి. ఎవరు నేరుగా ఎంపికయ్యారో, ఎవరు కింది నుంచి ఎదిగారో తెలియాలంటే ఐపీఎస్ అధికారుల జాబితా అయిన ఇంగ్లీషు సివిల్ లిస్టు వెతుక్కోవాలి (అంత ఓపిక ఎవరికి?). నిజాం కాలంలో, 1920లో కొత్వాల్ (నగర పోలీసు అధిపతి) అయిన రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి అమీన్‌గా, అంటే ఎస్సై లాంటి కింది హోదాలో, కొలువు మొదలుపెట్టారని నగరం నేటికీ చెప్పుకొంటుంది. మా డీసీపీ గురించి అంత మాత్రమైనా తెలియదు. ఏసీపీ నుంచి కమిషనర్ వరకు ప్రతి అధికారీ బాధ్యతలు చేపట్టిన వారంలోగా తన సర్వీసు వివరాలను, అంటే చేరిన హోదా, పనిచేసిన చోట్లు, శాంతిభద్రతలా నేర పరిశోధనా ట్రాఫిక్కా అన్నది, ఒక్క పేజీలో తెలుగు, ఉర్దూల్లో ప్రకటించి ప్రతి ఠాణా గోడకు అంటించాలి.